ఇంటి మీటింగుల ప్రాజెక్టు డైరీ: కోవూరు, ఆదివారం పదకొండున్నర

మొదలుపెట్టే ముందు కొలత

ఇంట్లో ఆరుగురం. మామయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అత్తకు ఇల్లు, పొదుపు సంఘం. మా ఆయన సముద్రం వైపు గుంటలు (చెరువులు) కౌలుకు తీసుకుని వనామి రొయ్య వేస్తాడు. నేను నెల్లూరులో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, పిల్లోడు ఎనిమిదో తరగతి.

మా ఇంట్లో మాటలకేం కరువు లేదు. అన్ని మాటలూ నా మీదుగా పోతాయి, అదే తంటా. "అమ్మాయ్, మోటారు మెకానిక్కు రాలా అని మీ ఆయనకు చెప్పు." "అమ్మా, టీవీ సౌండు తగ్గించమని తాతకు చెప్పు." చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ ఒక్కోసారి ఒకే హాల్లో ఉంటారు. అందుకే వారానికోసారి ఆరుగురం కూర్చుని నేరుగా మాట్లాడుకునే మీటింగ్ పెడదామనుకున్నాను.

సంక్రాంతి హడావుడి అయ్యాక ఒక వారం ఫ్రిజ్ మీద కాయితం అంటించి, నా చేత చెప్పించిన ప్రతి కబురుకూ ఒక గీత గీశాను. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. వారానికి 46 వచ్చాయి. మామయ్య నుంచి మా ఆయనకు 14, మా ఆయన నుంచి మామయ్యకు 9, పిల్లల నుంచి వాళ్ళ నాన్నకు 11, అత్త నుంచి పిల్లలకు 7, చిల్లర మల్లర 5.

ఈ డైరీలో "గీతలు" అని రాసినచోటల్లా ఈ లెక్కే. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారా అన్నది కొలవడానికి నా దగ్గర సాధనం లేదు. గీతలు తగ్గితే మీటింగ్ పనిచేస్తున్నట్టు, తగ్గకపోతే లేదు. మీరు మొదలుపెట్టినా ముందు ఒక వారం మీ ఇంట్లో ఏది ఎక్కడ ఇరుక్కుంటోందో లెక్క రాసుకోండి. ఆ లెక్క లేకుండా కూర్చుంటే ప్రతి మీటింగూ బాగా జరిగినట్టే ఉంటుంది.

దశ 1: ఆదివారం సాయంత్రం ఆరు

ఎందుకు పెట్టామంటే అందరూ ఇంట్లో ఉండే రోజు కాబట్టి. ఎందుకు చెడిందంటే రొయ్యకు ఆదివారం లేదు కాబట్టి. గుంటల్లో మేత పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. సరిగ్గా మేం కూర్చునే వేళకే పనివాళ్ళ నుంచి ఫోన్లు. మా ఆయన వరండాలోకి పోయి "ఎన్ని బస్తాలు మిగిలినయ్?" అంటుంటే లోపల మేం ఆయన సంగతే మాట్లాడుకుంటున్నాం.

అజెండాలో ఎనిమిది అంశాలు రాశాను. గంటా పది నిమిషాలు పట్టింది. అందులో నలభై నిమిషాలు పిల్లోడి ఫోనుకే సరిపోయింది. ఒకరు యూనిట్ టెస్టు మార్కులెత్తారు, ఒకరు ముందటి ఏడు మార్కులు, ఒకరు పక్కింటి పిల్లోడి మార్కులు. వాడు కాలి బొటనవేలితో టైల్స్ సందు గీకుతూ కూర్చున్నాడు. తర్వాతి ఆదివారం మీటింగ్ వేళకు వాడికి కడుపునొప్పి.

మీటింగ్ అని పిలిచి పంచాయతీ పెడితే రెండోసారి ఎవరూ రారు. ఇక్కడ రెండు మార్చాం.

ఒకటి, అజెండాలో మనిషి పేరు మీద ఫిర్యాదు రాయకూడదు. పనిగా మార్చి రాయాలి. "చిన్నోడు ఎప్పుడూ ఫోన్లోనే" అన్నది "రాత్రి తొమ్మిది తర్వాత ఇంట్లో ఫోన్లన్నీ ఎక్కడ ఉండాలి?" అయింది. "తాత టీవీ మోత" అన్నది "చదువుకునే వేళ హాల్లో సౌండు ఎంత?" అయింది. "నాన్న చెప్పకుండా పోతాడు" అన్నదాన్ని అమ్మాయి నాలుగుసార్లు కొట్టేసి చివరికి "గుంటల కాడికి పోయేవాళ్ళు తిరిగొచ్చే టైము ఎక్కడ రాసిపెట్టాలి?" అని రాసింది. ఇట్లా మార్చలేని ఫిర్యాదు ఏదైనా ఉంటే అది ఇద్దరు మనుషులు విడిగా తేల్చుకోవాల్సింది, ఆరుగురి ముందుకు రావాల్సింది కాదు.

ఇంకో లాభం కూడా కనబడింది. ఫోన్లన్నీ అనేసరికి మా ఆయన ఫోనూ అందులోకి వచ్చింది. రాత్రి గుంటల నుంచి వచ్చే ఫోను తీయకుండా కుదరదు కాబట్టి, ఆయనది మాత్రం హాల్లో సౌండు పెట్టి, మిగతావి ఫ్రిజ్ మీది బుట్టలో. ఆ మినహాయింపు ఎందుకో పిల్లోడికి అప్పుడు తెలిసింది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుందనీ, ఆ టైములో కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే నెలల కష్టం గంటల్లో తేలిపోతుందనీ వాడికి ఎవరూ అంతకుముందు చెప్పలేదు. వాడు తన నాన్న ఫోనుకు అంటుకుపోయాడనే అనుకుంటున్నాడు.

రెండోది టైము. అందరి పనిగంటలూ ఒక కాయితం మీద గళ్ళు గీసి నింపాం. ఖాళీగా మిగిలింది ఆదివారం పదకొండున్నర నుంచి పన్నెండున్నర. మా ఆయన రాత్రి కాపలా అయ్యి, పొద్దుటి మేత చూసుకుని ఇంటికొచ్చి పడుకుంటాడు, పదకొండుకు లేస్తాడు, ఒకటిన్నరకు మళ్ళీ బయల్దేరతాడు.

ఇప్పటిదాకా: తీర్మానాలు 8, జరిగినవి 2, గీతలు 44.

చేపల అడ్డంకి

పదకొండున్నర అనగానే అత్త నవ్వింది. "ఆదివారం పదకొండున్నరకు నేనూ నువ్వూ యాడుంటామే?" పొయ్యి కాడ. నెల్లూరులో ఆదివారం అంటే చేపల పులుసు. శనివారం రాత్రే చేసి పెడదామంటే శనివారం మా ఇంట్లో నీచు ముట్టరు. మటన్‌కు మారదామని పిల్లోడు సలహా ఇచ్చాడు, ఎవరూ లెక్కచేయలా.

పరిష్కారం పులుసులోనే ఉంది. దించిన వెంటనే తింటే అది పులుసే కాదు, ముక్కకు పులుపూ కారమూ పట్టాలంటే రెండు గంటలన్నా ఊరాలి. పదకొండుంపావుకు దించితే ఒకటింపావుకు భోజనం. మధ్యలో మీటింగ్.

1. పొద్దున ఏడుకు మామయ్య, పిల్లోడు మార్కెట్టుకు. చేప అక్కడే కోయించి తేవాలి. ఇంట్లో కోస్తే ముప్పావు గంట పోతుంది.
2. చింతపండు ఎనిమిదికే నానబెట్టాలి. ఇది అమ్మాయి పని.
3. పదిన్నరకు పొయ్యి మీద, పదకొండుంపావుకు కింద. మామిడికాయ కాలంలో ముక్కలు చివర్లో.
4. అన్నం మీటింగ్ అయ్యాకే. కుక్కర్ కూతలు మధ్యలో వస్తే మామయ్యకు సగం మాట వినబడదు. (దీని సంగతి కింద.)

ఇది వంట ముచ్చట కదా, ఇక్కడెందుకు అనుకోవద్దు. ఇంట్లో ఆడవాళ్ళ చేతులు ఖాళీగా లేని టైములో పెట్టిన మీటింగ్ మగవాళ్ళ మీటింగే. మొదటి వారాల్లో నా మాటలు సగం వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పినవే.

దశ 2: ఎవరు ఎంతసేపు

పిల్లోడి చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చాం. వాడికి ఒక పని ఉంటే కడుపునొప్పి రాదని ఒక ఆశ, అది ఫలించింది. నలభై నిమిషాల మీటింగులో లెక్క: మామయ్య 19, నేను 9, అత్త 5, మా ఆయన 4, అమ్మాయి 2, పిల్లోడు 1.

వేసిన మొదటి మందు గరిటె. ఎవరి చేతిలో స్టీలు గరిటె ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మామయ్య చేతికి వెళ్ళిన గరిటె తిరిగి రాలా. రెండో మందు ఫోన్లో రెండు నిమిషాల టైమర్. అది మోగగానే మామయ్య లేచి నిలబడ్డారు. "సర్వీసంతా కండక్టరు బెల్లుకు ఆగినా. ఇంట్లో కూడా బెల్లేనా?" అని బయటికి పోయారు. ఆ వారం గీతలు 51కి ఎగబాకాయి. అందులో సగం ఆయనవే, "మీ మీటింగులో చెప్పుకోండి" అనే ముక్తాయింపుతో.

అసలు కారణం పట్టింది అమ్మాయి. తాత మాట్లాడేది ఎక్కువే, కానీ అడిగినదానికి కాదు. అత్త గ్యాస్ బుకింగ్ గురించి అడిగితే ఆయన గేటు గురించి చెబుతున్నారు. ఆయనకు కుడి చెవి మందం. ఎవరికీ చెప్పుకోలా. పైన ఫ్యాను ఫుల్లు స్పీడులో తిరుగుతుంటే అటువైపు కూర్చున్నవాళ్ళ మాట ఆయనకు అందడం లేదు. వినబడనప్పుడు మనిషి చేసేది రెండే, ఊరుకోవడం లేదా తనే మాట్లాడుతూ ఉండడం. మామయ్య రెండో రకం. గట్టిగా మాట్లాడితే కోపమని మేం అనుకున్నాం.

మార్పులు:

1. మామయ్య కుర్చీ గోడ పక్కకు, కుడి చెవి గోడ వైపు వచ్చేట్టు. అందరం ఆయనకు ఎడమ వైపు అర్ధచంద్రంగా.
2. పిల్లలు ఆయనకు దగ్గరగా, మా ఆయన ఎదురుగా. పెదవులు కనబడాలి.
3. ఫ్యాను రెండు మీద. ఎండలు ముదిరితే ఇది కష్టం, అందుకే మీటింగ్ అరగంటకు కుదించాం.
4. వంటింట్లో కొళాయి, మిక్సీ, కుక్కర్ బంద్.

ఖర్చు సున్నా. రెండు వారాల తర్వాత మళ్ళీ కొలిచాం. 32 నిమిషాల్లో మామయ్య 9, నేను 6, మా ఆయన 5, అత్త 5, అమ్మాయి 4, పిల్లోడు 3. ఎవరినీ ఆపకుండానే మామయ్య మాట తగ్గింది. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళు మాట్లాడనివ్వడం లేదని అనిపిస్తే, గరిటెలూ గంటలూ తెచ్చే ముందు ఫ్యాను ఆపి చూడండి.

ఇప్పటిదాకా: తీర్మానాలు 17, జరిగినవి 6, గీతలు 37.

దశ 3: అత్త పుస్తకం

పై లెక్క చూడండి, పదిహేడుకు ఆరు. అందరూ సరే అంటారు, బుధవారానికి ఎవరికీ గుర్తుండదు. నేను ఆఫీసు అలవాటు కొద్దీ ఫోన్లో నోట్స్ రాసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. మామయ్య అందులో లేరు, అత్త చూడదు, పిల్లలు బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తారు.

అత్త తన సంఘం పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. "ముప్పై ఏళ్ళుగా మేం పదిమంది కూర్చుంటన్నాం. ఇట్టా రాస్తే ఎవరి అప్పు ఎవరు కడతారు?"

ఆమె ఊరికే అనలేదు. ఆమె పుట్టిల్లు కలిగిరి వైపు. దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడికి ఎదురుతిరిగిన రోజుల్లో ఆమె అక్కడే రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతోంది. ఆ చదువుల్లోంచే ఆ పోరాటం లేచింది, జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. సారా ఆగినచోట రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి. మా అత్త సంతకం నేర్చుకున్నాక పెట్టిన మొదటి సంతకాల్లో ఒకటి సంఘం పుస్తకంలోది. సంఘాలకు పంచసూత్రాలని ఉంటాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులివ్వడం, గడువుకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. మాకు మొదటిదీ చివరిదీ పనికొచ్చాయి. నేను ఇంగ్లీషు వీడియోలు చూసి నేర్చుకున్నదంతా ఆమె పుస్తకంలో పేజీకి పైన అడ్డగీత కింద ఉంది.

ఇప్పుడు వాడుతున్న పద్ధతి ఇది. సామాను: 200 పేజీల లాంగ్ నోటుపుస్తకం ఒకటి, దానికి దారంతో కట్టిన పెన్ను ఒకటి. దారం తప్పనిసరి.

1. తేదీ, హాజరు సంతకాలు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు పేరు పక్కన టైము రాస్తారు. జరిమానా లేదు.
2. కొత్తవి ఎత్తకముందు పోయిన వారం తీర్మానాలు పైకి చదవాలి. చదివేది వారానికొకరు.
3. ఒక్కోదానికి మూడు మాటల్లో ఒకటే: అయింది, వాయిదా, కొట్టివేత. కారణాలు అడగకూడదు. ఇది నేను చేర్చిన నిబంధన. కారణం అడిగితే పంచాయతీ మొదలవుతుంది.
4. కొత్త అంశాలు మూడుకు మించి వద్దు. మిగిలినవి పుస్తకం వెనక పేజీలో క్యూలో ఉంటాయి.
5. ప్రతి తీర్మానంలో పని, మనిషి, రోజు ఉండాలి. "ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలి" అన్నది తీర్మానం కాదు. "మిద్దె మీది ట్యాంకు, చిన్నోడు, శనివారం" అన్నది తీర్మానం.
6. రాసింది చదివి వినిపించి అందరి సంతకాలు.

రెండో నిబంధన పని చేసిన తీరు నేను ఊహించలేదు. పిల్లోడి వంతు వచ్చిన ఆదివారం వాడు బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివాడు: "తాత, చెవి డాక్టరు, వాయిదా. తాత, చెవి డాక్టరు, వాయిదా." రెండు వారాలది కలిపి. నేను నెలగా చెబుతుంటే కదలని మనిషి మంగళవారం నెల్లూరు వెళ్ళి చూపించుకొచ్చారు. కోడలు చెబితే పోరు, మనవడు పుస్తకంలోంచి చదివితే రికార్డు.

ఇప్పటిదాకా: తీర్మానాలు 31, జరిగినవి 19, వాయిదా 7, కొట్టివేత 5. గీతలు 26.

దశ 4: ఓటు పెట్టాం, పోయింది

అమ్మాయి ఇంటర్ పరీక్షల ముందు హాల్లో టీవీ పరీక్షలయ్యేదాకా ఆపాలని వచ్చింది. తేలకపోతే చేతులెత్తించాం. నలుగురు ఆపాలని, ఇద్దరు వద్దని. తీర్మానం రాసేశాం.

మామయ్య మాట మీద నిలబడ్డారు. టీవీ పెట్టలేదు. సాయంత్రం ఏడుకు సెంటర్లో టీ అంగడికి పోయి వార్తలు అక్కడ చూసి తొమ్మిదిన్నరకు రావడం మొదలుపెట్టారు. రాత్రి అన్నం ఒక్కరే, చల్లారింది. అత్త మాతో మాట్లాడుతోంది గానీ వాక్యాలు పొట్టిగా వస్తున్నాయి. ఆ పది రోజులూ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, అమ్మాయికి చదువు సాగలేదు.

వియన్నాలో పుట్టి, మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ దారిలో పనిచేసి, తర్వాత చికాగోలో స్థిరపడిన మానసిక వైద్యుడు రుడాల్ఫ్ డ్రైకర్స్ (1897–1972) ఇంటి మీటింగులను ఒక పద్ధతిగా ప్రచారం చేసినవాళ్ళలో ముఖ్యుడు. ఆయన ఈ ఓటునే వద్దన్నాడు. ఇంట్లో మెజారిటీతో గెలిస్తే ఓడినవాళ్ళు కూడా ఆ ఇంట్లోనే ఉంటారు కదా. అందరూ ఒప్పుకునేదాకా ఆగాలి, అప్పటిదాకా పాత పద్ధతే నడవాలి. ఇది అత్తకు చెబితే, "సంఘంలో చేతులెత్తించి అప్పిస్తే వద్దన్న మనిషి మళ్ళా మీటింగుకే రాదు, ఇది చెప్పను చికాగో దాకా పోవాలా?" అనింది.

ఓటును కొట్టేసి అంశాన్ని మళ్ళీ తెరిచాం. ఈసారి చెవి సంగతి తెలుసు కాబట్టి ప్రశ్న మారింది. టీవీ ఆపాలా వద్దా అన్నది పోయి, సౌండు మామయ్యకు మాత్రమే వినబడేట్టు ఎట్టా అన్నది వచ్చింది.

మా టీవీకి బ్లూటూత్ లేదు. దాని వెనక గుచ్చే బ్లూటూత్ ముక్క తెప్పించాం. బొమ్మ ముందు, మాట వెనక. వార్తలు చదివే మనిషి నోరు మూశాక మాట వస్తోంది. వెనక్కి పంపాం. మామూలు వైరు హెడ్‌ఫోను, దానికి ఐదు మీటర్ల పొడిగింపు వైరు తెచ్చి, కాలికి తగలకుండా గోడ అంచున క్లిప్పులు కొట్టాం. మామయ్యే కొట్టారు. అంతకుముందు టీవీ సౌండు 42 మీద ఉండేది. ఇప్పుడు స్పీకర్లు బంద్, హెడ్‌ఫోనులో 15. హాల్లో అమ్మాయి రికార్డు రాసుకుంటుంటే తాత పక్కనే వార్తలు చూస్తున్నారు.

నిబంధన 7గా చేర్చాం: ఓట్లు లేవు. ఆరుగురిలో ఒక్కరు కాదన్నా వచ్చే వారానికి.

దీని నష్టం కూడా చెప్పాలి. కొన్ని అంశాలు ఎన్ని వారాలైనా కదలవు. పిల్లోడికి సైకిల్ గేరుదా మామూలుదా అన్నది మూడు ఆదివారాలు పట్టింది. వాడికది యుగం.

దశ 5: బుధవారం చెక్ ట్రే

ఇది మా ఆయన తెచ్చిన మార్పు, మీటింగుల్లో ఆయన సొంతంగా ఎత్తిన మొదటి విషయం. గుంటలో మేత చల్లేటప్పుడు కొంచెం చెక్ ట్రేలో వేసి నీళ్ళలో దించుతారు. రెండు గంటలకు పైకి లేపి చూస్తారు. ఖాళీగా ఉంటే తర్వాతి మేత పెంచుతారు, మిగిలితే తగ్గిస్తారు. తినని మేత అడుగున చేరితే నీళ్ళు చెడతాయి. "మీరు ఆదివారం వేసింది మళ్ళా ఆదివారం దాకా చూడరు. మిగిలిందంతా అడుగున కుళ్ళతంది" అన్నాడు.

అప్పటి నుంచి బుధవారం రాత్రి అన్నాల దగ్గర ఒక్కరు పుస్తకం తెరుస్తారు. అడిగే ప్రశ్న ఒకటే, ఎంత మిగిలింది? మూడు నిమిషాలు. సగం కన్నా ఎక్కువ మిగిలితే వచ్చే ఆదివారం కొత్త అంశాలు మూడు కాదు, ఒకటే. మేత తగ్గించడం అన్నమాట. ఈ చిన్న మార్పుకే పనులు కదిలాయి.

ఇప్పటిదాకా: తీర్మానాలు 52, జరిగినవి 38, వాయిదా 6, కొట్టివేత 8. గీతలు 18.

చుట్టాలొచ్చిన ఆదివారం

నెల్లూరు దర్గా దగ్గర కోరికకో రొట్టె మార్చుకునే రొట్టెల పండుగకు ఆడపడుచు కుటుంబంతో వచ్చింది. అత్తకు ఆరోగ్య రొట్టె, అమ్మాయికి చదువు రొట్టె, స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మార్చుకొచ్చారు. మరుసటి ఆదివారం ఆడపడుచు కూడా మీటింగులో కూర్చుంది. పాత తీర్మానాలు చదవడం మొదలయ్యేసరికి "మా నాయన పేరు వాయిదాల్లో రాస్తారా?" అని నొచ్చుకుంది. పుస్తకం మూసేశాం. చుట్టాలున్న వారం చదువుడు లేదు, కొత్త అంశాలు లేవు, టీ తాగి లేవడమే. ఇది నిబంధన 8.

దశ 6: కదలనిది

గీతలు 18 దగ్గర ఆగిపోయాయి. విడదీసి చూస్తే 13 గీతలు మామయ్యకూ మా ఆయనకూ మధ్యవే, అందులో ఎక్కువ గుంటల డబ్బు గురించే.

వేసవి పంటలో ఒక గుంటకు వైట్ స్పాట్ అనే రొయ్యల రోగం తగిలింది. అది తగిలితే ఆగడానికి లేదు, రొయ్య ఎంత ఉంటే అంతకు పట్టేయాలి. కిలోకు వంద పైన కౌంటులో పోయింది. కౌంటు ఎక్కువంటే రొయ్య చిన్నదని, చిన్నదానికి ధర తక్కువని. ఎంత పోయిందో మా ఆయన ఇంట్లో చెప్పలేదు. మామయ్య టీ అంగడిలో విన్నారు. విని, కొడుకును అడగకుండా నన్ను అడిగారు. నేను మా ఆయన్ను అడిగితే "నీకెవరు చెప్పారు?"

దీన్ని ఆదివారం అజెండాలో రాశాను. మా ఆయన కొట్టేశాడు, పిల్లల ముందు అప్పుల మాట వద్దని. నాకూ అది సబబే అనిపించింది. ఇంటి ఖర్చుకు ఒక పేజీ పెట్టి, కరెంటు, గ్యాసు, పాలు, ఫీజులు నెలకోసారి పిల్లల ముందే చదువుతాం. దానికి ఇబ్బంది లేదు. కౌలు, మేత అంగడి బాకీ వేరే.

ప్రయత్నించినవి:

1. పిల్లలు పడుకున్నాక హాల్లో నలుగురం. మామయ్య గొంతు తగ్గించలేరు, పిల్లలు లేచే ఉన్నారు. ఒక్కసారితో మానేశాం.
2. కాయితం. మా ఆయన లెక్క రాసి ఇచ్చాడు. మామయ్య చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతే.
3. గుంటల కాడ. అత్త ఆలోచన ఇది. "ఇంట్లో ఇద్దరూ పెద్దమనుషులే. ఆడికి పోతే వాడికి తెలిసింది ఆయనకు తెలీదు, అడగక తప్పదు" అనింది.

మూడోది కొంత పారింది. మామయ్య పొద్దుటి మేత వేళకు మా ఆయన బండి మీద వెళ్ళారు. కాపలా షెడ్డులో మోటారు మోత, ఒక చెవి మందం, అయినా రెండు గంటలు కూర్చున్నారు. మా ఆయన లెక్క పుస్తకం తీశాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలియదు, నా మీదుగా పోలేదు కాబట్టి. ఇంటికొచ్చాక పుస్తకంలో విడిగా ఒక పేజీలో రెండు లైన్లు మామయ్య చేతిరాతలో: "రోగం తగిలిన గుంట ఈ పంటకు ఖాళీగా ఎండబెట్టాలి. డీజిల్ బాకీ నా పెన్షన్లోంచి కాదు." రెండో లైను ఎవరి మాటో అర్థమవుతూనే ఉంది. మా ఆయన కింద సంతకం పెట్టాడు.

అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి మామయ్య గుంటల కాడికి వెళ్తున్నారు. ఆ ఇద్దరి మధ్య గీతలు 13 నుంచి 6కు దిగాయి. మా ఇంటి మీటింగుల్లో బాగా పనిచేసింది మా ఇంట్లో జరగనిదే.

ఇప్పటి స్థితి

తీర్మానాలు 67, జరిగినవి 49, వాయిదా 8, కొట్టివేత 10. గీతలు 11.

అమ్మాయి ఇంజనీరింగ్ హాస్టల్లో చేరింది. ఆదివారం ఫోన్లో కలుస్తోంది. వీడియో కాల్ పెడితే మామయ్యకు మాట తెగిపోతోంది, అందుకని మామూలు కాలే, ఫోను స్పీకరులో పెట్టి ఆయన ఎడమ వైపు స్టూలు మీద. దాని సంతకం చోట పిల్లోడు "ఫోన్లో" అని రాస్తున్నాడు. హాస్టల్లో పదకొండున్నరకు బట్టలుతుక్కునే క్యూ ఉందట, పన్నెండుకు మార్చమంటోంది.

వాయిదాల్లో పాతది కౌలు తిరిగి రాయించుకోవాలా వద్దా అన్నది. మా ఆయన ఇంకో ఏడాది అంటాడు, మామయ్య ఒక్క పంట అంటారు. నిబంధన 7 ప్రకారం మూడు ఆదివారాలుగా అక్కడే ఉంది. భూమి యజమాని అడిగిన గడువు నెలాఖరు.